రెండో గుమ్మం

మా చెల్లెలికి నోరెక్కువ. ఆ నోరే దాని ఇంటి పన్నును మూడింతలు చేసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చిన్నప్పటి నుంచీ దానికి చెబుతూనే ఉండేది. అది వింటేగా.

ఏళ్ళ తరబడి సిటీ బస్సులో కండక్టరుగా చేసింది. ఒక్క కేక వేస్తే బస్సు బస్సంతా ముందుకు జరగాల్సిందే. చిల్లర లేదని బుకాయించేవాళ్ళకి ఏ జేబులో ఉందో కూడా అదే చెప్పేది. వీధిలో దాని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ అది కండక్టరే. ఆ తర్వాత నరాల జబ్బు వచ్చింది. మొదట ఎడమ పాదం మొద్దుబారింది, తర్వాత రెండు కాళ్ళూ మాట వినడం మానేశాయి. ఉద్యోగం పోయి చక్రాల కుర్చీ వచ్చింది. "కాళ్ళు పోతే పోయాయిలే అక్కా, నోటికి రాలేదుగా జబ్బు" అని అదే నన్ను ఓదార్చింది. నేను ఇంటికెళ్ళి ఏడ్చాను. దాని ముందు ఏడిస్తే ఊరుకోదు.

దాని మొగుడు వడ్రంగి. నా మరిదని చెప్పడం కాదుగానీ, ఆయన బిగించిన తలుపు పిల్లి తోసినా చప్పుడు లేకుండా తెరుచుకుంటుంది. మాటలు మాత్రం బొత్తిగా తక్కువ. నోట్లో మేకులు పెట్టుకుని పనిచేసీ చేసీ నోరు తెరవడం మర్చిపోయాడని మా చెల్లెలు వేళాకోళం చేసేది. ఆయన్ని మేస్త్రీ అని పిలిచేది. పిల్లలు లేరు. ఇద్దరి మాటలూ అది ఒక్కతే మాట్లాడేది కాబట్టి ఆ ఇంట్లో ఎప్పుడూ సందడిగానే ఉండేది.

ఇల్లు వాళ్ళ సొంతం. ముందు గుమ్మానికి ఎత్తైన మెట్లు, లోపల సన్నటి నడవ. ఆ నడవలో చక్రాల కుర్చీ తిరగదు. కొన్నాళ్ళు మా మరిది దాన్ని ఎత్తుకుని దించేవాడు, ఎత్తుకుని ఎక్కించేవాడు. చూసేవాళ్ళు అయ్యో పాపం అనేవాళ్ళు. ఆ మాట దానికి ఒళ్ళు మంట. "నన్ను బస్తాలా మోస్తుంటే వీధంతా చూస్తోందే" అని చివరికి బయటికి రావడమే మానేసింది. కిటికీ పక్కన మంచం మీద కూర్చుని గోడకేసి చూసేది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మా మరిది పెళ్ళి చేసుకున్న పాపానికి ఇల్లు మళ్ళీ కట్టాల్సి వచ్చింది. ఇంటి పక్కన ఉన్న కాస్త ఖాళీ జాగాలో ఒక గది లేపాడు. దానికి నేరుగా వీధిలోకి వెడల్పాటి గుమ్మం పెట్టి, మెట్ల బదులు సిమెంటుతో వాలు పోయించాడు. లోపలే బాత్రూం, గోడలకు పట్టుకోవడానికి కమ్మీలు, మోచేత్తో తిప్పితే చాలు నీళ్ళొచ్చే కుళాయి. కుర్చీలో కూర్చుంటే చేతికందే ఎత్తులో చిన్న అరుగు, దాని మీద కరెంటు స్టవ్వు. తలుపు మాత్రం ఎవరి చేతా చేయించలేదు, తనే చెక్క ఎంచి తనే చేశాడు. గది పూర్తయిన రోజు మా చెల్లెలు ఆ వాలు మీద కుర్చీ తోసుకుంటూ తనంతట తను వీధిలోకి వచ్చి, "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని అరిచింది. వీధిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మా మరిది గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఉదయం పూట మునిసిపాలిటీ నర్సు వచ్చి దానికి స్నానం చేయించి, కాళ్ళకు వ్యాయామం చేయించి పోయేది. పైసా తీసుకునేది కాదు. నాకు మార్కెట్లో కూరగాయల కొట్టు ఉంది. సాయంత్రం కొట్టు కట్టేశాక నేను వెళ్ళి కూర్చునేదాన్ని. పగలు మా మరిది పనిలో ఉండేవాడు, మధ్యలో భోజనానికి వచ్చి పోయేవాడు. మిగతా సమయమంతా ఆ గదికి అదే రాణి. దారినపోయే ప్రతివాళ్ళనీ పిలిచి యోగక్షేమాలు అడిగేది, అవసరమైతే నాలుగు చీవాట్లు పెట్టేది.

ఆ రోజుల్లోనే ఇళ్ళ కొలతలు తీసే కుర్రాడు వచ్చాడు. మునిసిపాలిటీ పన్నులన్నీ కొత్తగా లెక్కకడుతోందట. నేను అక్కడే ఉన్నాను. అతను మర్యాదగానే అడిగాడు.

"ఈ గదిలో ఎవరుంటారమ్మా?"

"నేనే."

"అటువైపు?"

"అటువైపు మా ఆయన. అది ఆయన ఇల్లు, ఇది నా ఇల్లు. రావాలంటే తలుపు కొట్టి మరీ రావాలి."

కుర్రాడు నవ్వాడు. "వంట ఎక్కడ?"

"అదుగో స్టవ్వు. కనపడట్లా?"

"అటువైపు వెళ్ళే పని లేకుండా మీరిక్కడ ఒక్కరే ఉండగలరా?"

"ఉండగలరా ఏంటయ్యా, రాజ్యమేలుతుంటేనూ! ఒకరి మీద ఆధారపడే ఘటాన్ని కాదు నేను. రాసుకో."

అతను రాసుకున్నాడు. నేనూ నవ్వాను. కాళ్ళు కదలని మనిషి అంత దర్జాగా మాట్లాడుతుంటే నాకు కడుపు నిండిపోయింది.

కొన్నాళ్ళకి పన్ను కాగితం వచ్చింది. మా మరిది దాన్ని పట్టుకుని నేరుగా నా కొట్టుకు వచ్చాడు. వంకాయలు తూస్తున్నదాన్ని తూస్తున్నట్టే ఆపేసి చూశాను. సొంతిల్లు ఒక్కటే ఉండి, అందులో తామే ఉండేవాళ్ళకి పన్నులో రాయితీ ఉంది. వేరే గుమ్మం, వేరే బాత్రూం, వేరే పొయ్యి ఉండి, అందులో మనిషి వేరుగా బతుకుతుంటే అది రెండో పోర్షన్. రెండో పోర్షనున్న ఇల్లంటే అద్దెకిచ్చే ఇల్లు. అప్పుడు మొదటి దానికున్న రాయితీ కూడా పోతుంది. అన్నీ కలిసి పన్ను మూడింతలైంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

"వదినా, ఇది దానికి చెప్పొద్దు" అన్నాడు మా మరిది.

"ఎందుకు చెప్పకూడదు? అదేమన్నా చిన్నపిల్లా?"

"తన మాట వల్లే ఇలా అయిందని తెలిస్తే ఇంక నోరు తెరవదు."

అది నిజమేననిపించి ఊరుకున్నాను.

పన్ను కట్టడానికి ఆయన వచ్చిన పనల్లా ఒప్పుకున్నాడు. చిత్రిక పట్టే పెద్ద మిషను అమ్మేసి, మళ్ళీ చేత్తో చిత్రిక పట్టడం మొదలెట్టాడు. అయినా మొదటి వాయిదా సగమే కట్టగలిగాడు, రెండోది అసలు కట్టలేదు. ఇంటి ముందు గుమ్మం మీద ఎర్ర అక్షరాల నోటీసు అంటించి పోయారు. గడువులోపల కట్టకపోతే ఇల్లు వేలం వేస్తామని. మా చెల్లెలు ఆ గుమ్మంవైపు రాలేని మనిషి కాబట్టి దానికి తెలియలేదు. ఆయన దాన్ని తడిగుడ్డతో నానబెట్టి, గుమ్మం రంగు పోకుండా మెల్లగా ఊడదీశాడు. ఇల్లు పోయేలా ఉంటే ఈయనకి రంగు గురించి బెంగ అని నాకు కోపం వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

ఆఫీసుకెళ్ళి అడిగితే గుమాస్తా ఒక ఉపాయం చెప్పాడు. ఆ వీధి గుమ్మం మూసేసి ఇటుకలతో గోడ కట్టేయండి, అప్పుడు ఒకే పోర్షన్ అవుతుంది, పన్ను తగ్గుతుంది అని. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు! గుమ్మం మూసేస్తే అది మళ్ళీ ఆ నడవ వెనకాల పడి ఉండాలి. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి మా మరిది వీధిలో నిలబడి టేపుతో ఆ గుమ్మం కొలుస్తున్నాడు. నిలువు కొలిచాడు, అడ్డం కొలిచాడు, మళ్ళీ నిలువు కొలిచాడు. తన చేత్తో పెట్టిన గుమ్మం కొలత ఆయనకి తెలియదా? లోపలి నుంచి మా చెల్లెలు, "ఏంటి మేస్త్రీ, తలుపుకి కొత్త చొక్కా కుట్టిస్తావా?" అని అడిగింది. ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అప్పుడే మా వార్డులో సమావేశం పెట్టారు. ఇంటి పన్నులు తగ్గించాలా, పద్ధతి మార్చాలా, జనం ఏమంటారో వింటామని. స్కూలు హాల్లో పిల్లల బెంచీల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. మూడు షాపుల ఓనరొకడున్నాడు మా వీధి చివర. వాడు లేచి, పన్ను సగానికి సగం తగ్గించాల్సిందే, మధ్యతరగతివాడు చచ్చిపోతున్నాడు అని గొంతు చించుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అరిచేతులు మండేదాకా కొట్టాను.

అప్పుడు మా చెల్లెలి నర్సు లేచింది. ఆ అమ్మాయి గొంతు వెనక బెంచీల దాకా రాలేదు, ముందువాళ్ళు వెనకవాళ్ళకి చెప్పాల్సి వచ్చింది. "మీరు కట్టే ఇంటి పన్నులోంచే మా జీతాలు. పోయినసారి తగ్గించినప్పుడు ఇళ్ళకెళ్ళే నర్సుల్ని సగం మందిని తీసేశారు. ఈసారి తగ్గిస్తే మిగిలినవాళ్ళనీ తీసేస్తారు. నేను వెళ్ళే ఇళ్ళలో మంచం దిగలేనివాళ్ళున్నారు. అది కూడా ఆలోచించండి" అని కూర్చుంది. చప్పట్లు కొట్టిన చేతుల్ని ఏం చేయాలో తెలియక నేను ఒళ్ళో పెట్టుకున్నాను.

కాసేపు ఊరుకున్నాను గానీ ఎంతసేపని? మార్కెట్లో పెరిగిన గొంతు నాది. లేచాను.

"నాకు పన్ను తగ్గించొద్దు. ఈ నర్సమ్మ జీతం నేను కడతా, సంతోషంగా కడతా. కానీ వెయ్యాల్సినోళ్ళ మీద వెయ్యండయ్యా! ఇదుగో, మధ్యతరగతి గురించి ఏడ్చిన ఈ బాబు మేడ చూశారా? పై అంతస్తుకి సిమెంటు పూయడు, ఇనప ఊచలు అలాగే ఆకాశంలోకి వదిలేస్తాడు. ఎందుకంటే కట్టడం పూర్తికాలేదని రాయించుకుంటే పన్ను లేదు. లోపల ముగ్గురు అద్దెకున్నారు! మా చెల్లెలు కాళ్ళు లేనిది. దాని కుర్చీ బయటికి రావడానికి ఒక గుమ్మం పెట్టుకుంటే మూడింతలు. మేడకి లేని పన్ను మంచానికేంటి? తగ్గించడం పెంచడం కాదు, లెక్కే తప్పు. లెక్క మార్చండి ముందు!"

షాపుల ఓనరు ఏదో అనబోయాడు. పక్కవాళ్ళు నవ్వేసరికి కూర్చున్నాడు. కౌన్సిలరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అమ్మా, లెక్క మార్చాలంటే టైం పడుతుంది. కానీ మీ చెల్లెలి విషయానికి ఇప్పుడున్న రూల్లోనే దారి ఉంది" అన్నాడు. సంరక్షణ గది అని ఒక పద్ధతుందట. ఇంకొకరి సాయం లేకుండా బతకలేని మనిషి కోసం కట్టిన గదైతే, దానికి ఎన్ని గుమ్మాలున్నా ఒకే ఇల్లుగా లెక్కకడతారట. ఎవరూ అడగరు కాబట్టి ఎవరికీ తెలియదట.

నేను ఆ రాత్రి ప్రపంచాన్ని గెలిచినదానిలా నిద్రపోయాను. పొద్దున్నే మా మరిది పనిచేసే షెడ్డుకెళ్ళి దరఖాస్తు చేతిలో పెట్టాను. ఆయన చదివాడు. కింద చిన్న అక్షరాలు కూడా చదివాడు. ఆయన మొహంలో వెలుగు రావాల్సింది పోయి ఉన్న వెలుగూ పోయింది.

ఆఫీసరు ఇంటికి వచ్చి ఆ మనిషినే అడుగుతారట. తాను ఇతరుల సాయం లేకుండా బతకలేనని ఆ మనిషే తన నోటితో చెప్పాలట. ఇంట్లోవాళ్ళు మధ్యలో మాట్లాడకూడదు. ముసలివాళ్ళని అడ్డం పెట్టుకుని రాయితీ తీసుకుని, తర్వాత గదులు అద్దెకిచ్చుకున్నవాళ్ళు ఉన్నారట, అందుకని.

"వదినా, అది చెప్పదు" అన్నాడాయన.

"చెప్పకపోతే ఇల్లు పోతుంది కదయ్యా."

"నేనడగలేను."

ఇంక అడగడానికి నేను కాక ఎవరున్నారు? ఒక్కోసారి పెద్దదానిగా పుట్టడం అంత దరిద్రం ఇంకోటి ఉండదు.

ఆ మధ్యాహ్నం కొట్టు మూసి వెళ్ళాను. మొత్తం చెప్పాను. కొలతల కుర్రాడు, మూడింతల పన్ను, అమ్మేసిన మిషను, గుమ్మం మీద నోటీసు. అది మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. దాని నోటి నుంచి ఒక్క మాట రాకుండా అంతసేపు నేనెప్పుడూ మాట్లాడి ఎరగను. చివరికి, "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు? నేనీ ఇంట్లో మనిషినా, సామానా?" అంది.

"నీ నోరు మూతపడుతుందేమోనని ఆయన భయం."

"మేస్త్రీ తన గోడంతా చెక్కలతో చెప్పుకుంటాడు కాబోలు. నాతో చెబితే వినేదాన్నిగా." అంతలో నవ్వు తెచ్చుకుంది. "సరేలే. ఏం చెప్పాలో చెప్పు. బట్టీ పడతా. స్కూల్లో పద్యాలు నీకంటే నేనే బాగా అప్పజెప్పేదాన్ని."

నేను ఆఫీసరు వేషం కట్టాను. ముక్కు మీదికి కళ్ళజోడు జార్చి, గొంతు సవరించుకుని, "ఏమమ్మా, మీకు మీరుగా మంచం దిగగలరా?" అన్నాను. అది మెడ వాల్చి, నీరసంగా గొంతు పెట్టి, "అయ్యో తల్లీ, నా వల్లెక్కడవుతుంది, నేను చచ్చిన శవాన్ని" అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. స్నానం గురించి అడిగాను, తిండి గురించి అడిగాను. ప్రతిదానికీ ఇంకా దీనంగా చెప్పింది. నవ్వి నవ్వి నాకు పక్కలో నొప్పి పుట్టింది. ఈ గండం గడిచినట్టే అనుకున్నాను.

ఆఫీసరమ్మ వచ్చింది. పెద్ద వయసావిడ. కుర్చీ అంచు మీద కూర్చుంది, అడగడానికి ఆవిడకే ఇబ్బందిగా ఉన్నట్టుంది. "ఇంట్లోవాళ్ళు మాట్లాడకూడదమ్మా, ఏమనుకోవద్దు" అని ముందే చెప్పింది. నేను మంచం కాళ్ళవైపు నిలబడ్డాను. మా మరిది లోపలికి రాలేదు. గుమ్మం బయట, వాలు మీద, మాకు వీపు చేసి నిలబడ్డాడు.

"మీకు మీరుగా మంచం దిగగలరా?"

"దిగలేను." మా చెల్లెలు మెడ వాల్చలేదు. గొంతు మార్చలేదు. సూటిగా చెప్పింది.

"స్నానం?"

"నర్సు చేయిస్తుంది."

"తినడం?"

"చెంచా పట్టుకుంటాను. సగం కింద పడుతుంది. ఆ స్టవ్వు నేను ముట్టుకుని చాలా కాలమైంది."

అది నాకు తెలియదు. నేను వెళ్ళేసరికి స్టవ్వు ఎప్పుడూ శుభ్రంగా ఉంటే, తుడిచిపెట్టుకుంటోందనుకున్నాను.

ఆఫీసరమ్మ రాసుకుని తలెత్తి బాత్రూంవైపు చూసింది. "గోడలకి కమ్మీలున్నాయి కదా. పగలంతా మీరొక్కరే ఉంటారు. వాటిని పట్టుకుని మీరే వెళ్తారా?"

ఈ ప్రశ్న మేం బట్టీ పట్టలేదు. అవునంటుంది. అలవాటు కొద్దీ, ఆ కమ్మీలు పట్టుకుని దర్జాగా వెళ్తానంటుంది. అంటే అయిపోయినట్టే. దాని కళ్ళలోకి చూద్దామనుకుంటే అది నావైపు చూడడం లేదు. గుమ్మంవైపు చూస్తోంది.

"మేస్త్రీ బయటున్నాడా అక్కా?"

నేను ఆఫీసరమ్మవైపు చూశాను. ఆవిడ చెప్పమన్నట్టు తలూపింది.

"ఉన్నాడు" అన్నాను.

"ఉండనీలే." ఆఫీసరమ్మవైపు తిరిగింది. "నేను వెళ్ళనండీ."

"వెళ్ళకపోవడమేంటమ్మా?"

"పొద్దున నర్సు తీసుకెళ్తుంది. ఆమెకది ఉద్యోగం, నాకేం సిగ్గులేదు. సాయంత్రం అక్క వస్తే, బాత్రూంకి వెళ్ళేటప్పుడు ఊరికే చెయ్యి పట్టుకో అంటాను. ఈ మధ్యలో వెళ్ళే పని పడకుండా చూసుకుంటాను."

"ఎలా?"

"నీళ్ళు తాగను."

ఆఫీసరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది.

"కమ్మీలు ఆయనే బిగించాడు. మొదట్లో పట్టుకునేదాన్ని. ఇప్పుడు వేళ్ళు గట్టిగా మూసుకోవు, చూడండి." చేతులు చాపి చూపించింది. "మధ్యాహ్నం ఆయన భోజనానికి వస్తాడు. వెళ్ళాల్సిన పనుందా అని అడుగుతాడు. నేను చేసుకుంటాలే అని, అరిచేతులతో కుర్చీ తోసుకుని లోపలికెళ్ళి తలుపు వేసుకుంటాను. మోచేత్తో కుళాయి తిప్పి కాసేపు కూర్చుంటాను, చప్పుడు బయటికి వినపడాలి కదా. తర్వాత వచ్చేస్తాను. ఆయన నిశ్చింతగా పనిలోకి పోతాడు. పోయిన నెల నేను జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడింది అందుకే. నీళ్ళు బాగా తాగమన్నాడు డాక్టరు. తాగుతున్నానని చెప్పాను."

"ఇంక చాలమ్మా. ఇంత చెప్పక్కర్లేదు" అంది ఆఫీసరమ్మ.

"రాసుకోండి. మొదట వచ్చిన మీ కుర్రాడికి, ఒకరి మీద ఆధారపడే ఘటాన్ని కాదని చెప్పాను. పాపం అతని తప్పు లేదు. ఈ గది కట్టింది నేను దర్జాగా ఉండాలని. ఉండలేకపోతున్నానని ఆయనకెలా చెప్పను? అందుకే ఉన్నట్టు ఉన్నాను."

నేనక్కడ నిలబడే ఉన్నాను. రోజూ సాయంత్రం దాని పక్కన కూర్చున్న మనిషిని నేను. పెదాలు ఎండిపోయి ఉంటే గాలికి అనుకున్నాను. చెయ్యి పట్టుకో అంటే గారం అనుకున్నాను. దాని దర్జా చూసి కడుపు నిండిందని మురిసిపోయిన రోజుల్లో అది దాహంతో కూర్చుంది. నాకు మునిసిపాలిటీ మీద కోపం రాలేదు, ఆఫీసరమ్మ మీద రాలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

ఆఫీసరమ్మ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. "ఒకే ఇల్లని రాస్తున్నానమ్మా. మొదటి నుంచీ ఒకే ఇల్లుగా లెక్కకట్టమని రాస్తాను. నోటీసు గురించి భయపడకండి" అంది. లేచి వెళ్ళిపోయింది. వాలు మీద మా మరిది పక్కకి జరిగి దారిచ్చాడు.

ఇల్లు నిలిచింది. గుమ్మానికి ఇటుకలు పేర్చే పని లేదు. సంతోషించాల్సిన సమయం, కానీ మా ముగ్గురిలో ఎవరికీ అది గుర్తులేదు.

మా మరిది లోపలికి వచ్చాడు. మా చెల్లెలు మొహం గోడవైపు తిప్పుకుంది. ఆయన నేరుగా అటువైపు వంటింట్లోకి వెళ్ళి, పెద్ద గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. మంచం మీద దాని పక్కన కూర్చుని, గ్లాసు పెదాల దగ్గర పెట్టాడు.

"ఇప్పుడెందుకు?" అంది అది, గోడవైపు చూస్తూనే.

"తాగు."

"తాగితే తర్వాత..."

"నేనుంటా."

"పనో?"

"ఇక్కడికే తెచ్చుకుంటా. నడవ గోడ పక్కన బల్ల వేసుకుంటా. పిలిస్తే వినపడుతుంది." అంత పొడుగు మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. "నాకు ముందే చెప్పుంటే ఎప్పుడో తెచ్చుకునేవాణ్ణి కదే."

అది ఇటు తిరిగింది. ఆయన మొహం చూడలేదు, గ్లాసు చూసింది. తాగింది. దాహంగా, ఆగకుండా తాగింది, నీళ్ళు చుబుకం మీదుగా మెడ మీదికి కారాయి. ఆయన గ్లాసు దించి చొక్కా చేత్తో దాని మెడ తుడిచాడు. ఇంకోటి తేనా అంటే తెమ్మంది. రెండోది కూడా తాగింది. పట్టపగలు మా చెల్లెలు నీళ్ళు తాగుతుంటే, ఏదో చూడకూడనిది చూస్తున్నట్టు నేను కిటికీవైపు తిరిగి నిలబడ్డాను.

ఎవరైనా ఒక జోకు వేస్తే బాగుండునని నేను ఎదురుచూశాను. వేసే మనిషి వెయ్యలేదు. కొంతసేపయ్యాక మెల్లగా, "మేస్త్రీ" అంది. అంతే. ఎందుకో ఆయన అడగలేదు. వంగి, ఒక చెయ్యి దాని వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద పెట్టి ఎత్తుకున్నాడు. అది కళ్ళు గట్టిగా మూసుకుంది. తల ఆయన భుజం మీద వాల్చలేదు, ఎడంగా ఉంచుకుంది. ఇద్దరూ బాత్రూంలోకి వెళ్ళారు. ఆయన కాలితో తలుపు దగ్గరికి వేశాడు.

ముందు ఏమీ వినపడలేదు. తర్వాత మా చెల్లెలి ఏడుపు వినపడింది. బస్సులో ఈ చివర నుంచి ఆ చివర దాకా వినపడే ఆ గొంతుతోనే ఏడ్చింది. మా మరిది ఊరుకోమని కూడా అనలేదు. నాకు లోపలికి పరిగెత్తాలనిపించింది, కానీ అది నేను వెళ్ళే చోటు కాదు. దాని ఏడుపు వీధిలోకి వినపడకూడదని వెళ్ళి గుమ్మం తలుపు మూశాను.